అంతా చెప్పారా?

ఆ కోచ్ పేరు నేను మరిచిపోలేదు, రాసే ముఖం లేదు.

ఆస్ట్రేలియాలో, పారమట్టాలో మా పక్కింటి దాదీమా మనవడు బేస్‌బాల్ విసిరితే బంతి కంటికి ఆనేది కాదు. హైస్కూలు ముగియకముందే ఒక ప్రొఫెషనల్ క్లబ్బు కాంట్రాక్టు పంపింది. అది వద్దు, మా కాలేజీకి పంపండని అడగడానికి అమెరికా నుంచి ఈయన వచ్చాడు. కుర్రాడు ప్రాక్టీసుకు వెళ్లాడు. వాడు ఆమె మాట దాటడు, ఆమెకు ఇంగ్లిష్ రాదు. దుబాసీని నేను.

ఆయన ఒక్కో వాక్యం చెప్పి ఆగేవాడు. నేను తెలుగులో చెబుతున్నంతసేపూ ఆమె ముఖంలోకే చూసి, "అంతా చెప్పారా?" అని నన్ను అడిగేవాడు.

"స్కాలర్‌షిప్ ఒక్క ఏడాదికే. చెయ్యి దెబ్బతింటే ఆపై ఏడాదికి మాట ఇవ్వలేను," అన్నాడు.

"ఏమంటన్నాడు బేటా?"

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న వైటూకే భయం పుణ్యమా అని నాలాంటివాణ్ణి సైతం కంపెనీలు ఎత్తుకొచ్చిన రోజులవి. పైగా ఉన్నదున్నట్టు చెబితే నాకు నోరు చప్పబడిపోతుంది. "చెయ్యి విరిగినా నాలుగేళ్లూ వాళ్లే చదివిస్తారట దాదీమా! ఆపైన సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే," అన్నాను.

"అంతా చెప్పారా?"

"అంతా."

దాదీమా క్లబ్బు కాగితాలు తిప్పి పంపేసింది. రెండో ఏడే కుర్రాడి మోచెయ్యి పోయింది. స్కాలర్‌షిప్ ఆగి, చదువు సగంలో వదిలి ఇంటికొచ్చాడు.

పరామర్శకు కోచ్ మళ్లీ వచ్చాడు.

"నాలుగేళ్లన్నాడుగా! ఈ అబద్ధాలకోరుకా నేను బిర్యానీ వండిపెట్టింది? అడుగు బేటా!" అంది దాదీమా.

అడిగాను. ఆయన ఈసారి ఆమె ముఖం చూడలేదు, నాకేసి చాలాసేపు చూశాడు.

"నేనే సరిగ్గా చెప్పి ఉండను. తప్పు నాది, క్షమించమనండి," అన్నాడు.

ఆ మాటను మాత్రం పొల్లుపోకుండా తెలుగులో చెప్పాను.