మంద పడుకోని చేను

నలభై ఏళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. పెద్దదేం కాదు, మూడు మాటలు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. ఇంట్లోవాళ్లతో చెప్పలేకపోయాను. దేవుడితోనైనా చెప్పుకుందామని యాదగిరిగుట్ట రెండుసార్లు ఎక్కాను. రెండుసార్లూ పిల్లల చదువులకు మొక్కుకుని దిగివచ్చాను.

అరవయ్యో దశకం మొదట్లో నకిరేకల్ చుట్టుపక్కల పల్లెల్లో గ్రామసేవకుడిగా పనిచేశాను. సర్కారు ఎరువును రైతులకు అలవాటు చేయడం నా పని. ఉప్పులా తెల్లగా ఉండే ఆ ఎరువును ఊళ్లో పిండి అనేవారు. ఎవరూ నమ్మేవారు కాదు. అందుకని పెద్దసార్లు జీపు దిగగానే కనబడేలా, బండిబాట పక్కన రెండు చిన్న చేని చెక్కల్లో జొన్న వేయించాను. ఒకదానికి పిండి వేశాను, రెండోదానికి ఏమీ వేయలేదు. పిండి వేసిన జొన్న మనిషి ఎత్తు దాటింది. సార్లు నా భుజం తట్టారు.

అప్పుడే గొర్రెల కొమురయ్య నన్ను పక్కకు పిలిచాడు. మా వైపు ఎండాకాలం గొర్రెల మందను రాత్రిళ్లు చేలలో పడుకోబెడతారు. పెంట, మూత్రం నేలకు బలం. మంద కోసం రైతులు వంతులు వేసుకుని కాచుకుంటారు.

"సారూ, గా పిండి ఏసిన చెక్కల మూడేండ్ల సంది నా మంద పడుకున్నది. గది గూడ పెద్దసార్లకు చెప్పుండ్రి" అన్నాడు.

చెప్పలేదు. పెద్దసార్లకు పంపే కాగితంలో పశువుల ఎరువు అన్న చోట 'లేదు' అని రాశాను.

తెలియక రాశానా? కాదు. కుళ్లిన పెంట, ఆకు, వేరు కలిసిన నేలే తడిని నిలుపుకుంటుందనీ, వేసిన ఎరువును పట్టి ఉంచి వేరుకు కొద్దికొద్దిగా అందిస్తుందనీ, వట్టి ఎర్ర చల్క నేలలో పిండి ఒక్కటే వేస్తే వానలున్నన్నాళ్లు పైరు ఏపుగా లేచి వాన తప్పగానే మాడిపోతుందనీ శిక్షణలో పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ని నేను.

మరుసటి ఎండాకాలం సాయమ్మ దగ్గరికి వెళ్లాను. భర్త పోయిన మనిషి. రెండెకరాల వట్టి చల్క ఆమెది, గట్టు అవతలి చేను ఆమె బావది. ఈ ఏడు పండిస్తే భూమి నీ చేతిలోనే, లేకుంటే నేను దున్నుకుంటానని ఆ బావ పదిమందిలో మాట తీసుకున్నాడు. ఎన్నాళ్లకో మంద వంతు ఆమెకు వచ్చింది. పిండి వాడే రైతుల జాబితాలో నాకు ఒక పేరు తక్కువైంది. "పిండి ఉండంగ మంద ఎందుకు?" అన్నాను. నమ్మింది. వంతు వదులుకుంది. కొమురయ్య నా వైపు ఒకసారి చూసి, మందను గట్టు దాటించి బావ చేలోకి తోలాడు.

మృగశిరలో విత్తింది. నెలన్నర పాటు ఊరంతా ఆమె జొన్ననే చూసింది. తర్వాత వాన మొహం చాటేసింది. ఆమె పైరు నిలువునా ఎండింది, బావ పైరు వాడింది గానీ నిలిచింది. ఎవరూ లేనప్పుడు వెళ్లి గట్టుకు రెండువైపులా మట్టి తవ్వి చూశాను. అవతలి మట్టి చేతిలో ముద్దయింది. ఇవతలిది వేళ్ల సందుల్లోంచి రాలిపోయింది.

ఆ సాయంత్రమే సాయమ్మ వచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. రెండు చేతులూ చాచి చూపించింది.

"సారూ, మీరు చెప్పినట్టే పిడికెడు పిడికెడే జల్లిన. నా చేతుల ఏమన్న తప్పయ్యిందా?"

అప్పుడైనా నోరు విప్పవచ్చు. నా ఉద్యోగం పోయేదేమో. పోతే ఏం? ఇంకో పని దొరికేది. ఆమెకు ఇంకో చేను దొరుకుతుందా?

"ఎక్కువ జల్లినవు, సాయమ్మా" అన్నాను.

ఆమె తన చేతుల వంక చూసుకుంది. "గట్లనా" అంది. వెళ్లిపోయింది.

పదిమందిలో తప్పు తనదేనని తానే చెప్పింది. భూమి బావ కిందికి పోయింది. అదే చేలో కూలికి కలుపు తీసేది. నాకు ప్రమోషన్ వచ్చింది. కొన్నేళ్లకు ఏదో పని మీద ఆ ఊరికి వెళితే, పిండి సంచులు విప్పుతున్న ఆడవాళ్లకు ఆమె జాగ్రత్తలు చెబుతోంది. "జర చూసి జల్లుండ్రి. నేను ఎక్కువ జల్లి చేను కాల్చుకున్న" అంటోంది. నన్ను చూసి దండం పెట్టింది. నేనూ పెట్టాను. అంతకంటే నీచమైన పని నా జన్మలో ఇంకొకటి చేయలేదు.

ఈమధ్యే పోయిందట. కొమురయ్య అంతకు ముందే పోయాడు. ఇక నన్ను నిలదీసేవాళ్లు లేరు, క్షమించేవాళ్లూ లేరు. ఇంత ఆలస్యంగా చెప్పడం కూడా పిరికితనమేనా? అవుననే అనుకుంటున్నాను. అయినా ఆమెకు ఇవ్వాల్సిన జవాబును ఒక్కసారైనా కాగితం మీద పెట్టాలి.

నువ్వు సరిగ్గానే జల్లినవు, సాయమ్మా. నీ చేతుల ఏ తప్పూ లేదు.