మార్కెట్ రెండో అంతస్తులో నా కాలు లాగిందెవరు?

దెయ్యాలు, ఆత్మలు నేను నమ్మను. నమ్మని వాళ్ళలో కూడా కాస్త మొండి రకం. పెద్ద పెద్ద బిల్డింగుల్లో లైట్లు రిపేరు చేసే పని నాది. లైటు దానంతట అదే వెలుగుతోంది, ఆరిపోతోంది అని భయపడుతూ ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. వెళ్ళి చూస్తే వదులైన స్క్రూ ఉంటుంది, లేదంటే నీళ్ళు దిగిన స్విచ్చు. స్క్రూడ్రైవర్‌కు లొంగని దెయ్యం నాకింతవరకు తగల్లేదు.

ఇది రాస్తున్నది భయంతో కాదు, కోపంతో. కరోనా రోజుల్లో నాకు జరిగిన సంగతి ఒకటి సూరత్‌లో మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. మొన్న తిరిగి తిరిగి నా ఫోనుకే వచ్చింది. చనిపోయిన మా బావ ఆత్మ వచ్చి నన్ను కాపాడిందట. మా బావ నర్సయ్య నిక్షేపంగా ఉన్నాడు. ఆ మెసేజ్ చదివి వినిపిస్తే తింటున్న కంచం పక్కకు నెట్టి, రాసినవాడి నంబరు అడిగాడు.

అంతకంటే ఒళ్ళు మండే సంగతి ఇంకోటుంది. ఆ కథలో ఫ్యూజు లేదు, మేనేజరు లేడు. అందుకే జరిగింది జరిగినట్టు నేనే చెప్తున్నాను.

మాది సూరత్‌లోని భేస్తాన్. తాత కాలంలో సిరిసిల్ల నుంచి మగ్గాల పనికి వచ్చిన కుటుంబం. నర్సయ్య బావ మా అక్క భర్త. చాలా ఏళ్ళు పవర్‌లూమ్ షెడ్డులో పనిచేసి, చెవులు దెబ్బతిన్నాక నాతోపాటు లైట్ల పనికి వచ్చాడు. లూముల మోతలో పక్కనున్నవాడు అరిచినా వినపడదు. అక్కడ మనిషిని పిలవాలంటే చొక్కా పట్టి లాగుతారు. బావ ఆ అలవాటును మా పనిలోకి తెచ్చాడు. నేను నిచ్చెన మీద ఉంటే ఆయన కింద నిలబడతాడు. ఏదైనా తేడా కనిపిస్తే నోటితో చెప్పడు, నా ప్యాంటు కింది అంచు పట్టుకుని రెండుసార్లు లాగుతాడు. చేతిలో ఏముంటే అది వదిలేసి దిగాలి. ఎందుకని దిగాక అడగాలి తప్ప పైనుంచి అడగకూడదు.

ఇంకో పద్ధతి ఉంది. అది ఈ పని చేసే అందరికీ తెలిసిందే. ఏ లైను మీద పనిచేస్తున్నామో ఆ లైను ఫ్యూజు పీకి జేబులో వేసుకుని నిచ్చెన ఎక్కాలి. పాత బిల్డింగుల్లో ఇప్పటికీ తెల్ల పింగాణీ ఫ్యూజులే ఉంటాయి. అది జేబులో బరువుగా తగులుతుంటేనే నాకు చేయి ధైర్యంగా ఆడుతుంది.

మొదటి లాక్‌డౌన్ సడలించి, రింగ్ రోడ్డులో చీరల మార్కెట్లను కొద్దికొద్దిగా తెరుస్తున్న రోజులవి. మేము ఏళ్ళ తరబడి లైట్లు చూసే మార్కెట్ ఒకటుంది. పేరు చెప్పను. అంతస్తుకు వందల దుకాణాలు, వాటి మధ్య పొడవాటి వరండాలు. కిటికీ అన్న మాటే లేదు. కరెంటు లేకపోతే పట్టపగలు కూడా కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనపడదు. అన్నాళ్ళు మూసి ఉంచేసరికి ఎలుకలు పండగ చేసుకున్నాయి. సీలింగులో వైర్లు ఎక్కడికక్కడ కొరికేశాయి.

మార్కెట్ మేనేజరు హస్ముఖ్‌భాయ్ నన్ను రమ్మన్నాడు. అప్పటికి బావకు కరోనా వచ్చి ఇంట్లో ఒక గదిలో పడుకుని ఉన్నాడు. ఇంకో మనిషిని తోడు తెచ్చుకుంటానని అడిగాను. కుదరదన్నాడు. దూరం పాటించాలి, అంతస్తుకు ఒక్క పనివాడే ఉండాలి, రూలు అన్నాడు. అదే సమయంలో కింద హమాలీలు ఒకరి మీద ఒకరు పడుతూ టెంపోలోకి చీరల మూటలు ఎక్కిస్తున్నారు. వాళ్ళకు దూరం అక్కర్లేదు, వాళ్ళ పని తొందరగా కావాలి. నిచ్చెన కింద నిలబడే మనిషి మాత్రం దండగ. ఏం పని చేస్తున్నట్టు కనపడడు కదా.

పని కావాలి. ఇంట్లో కూర్చుని నెలలైంది. సరేనన్నాను.

కింద ఫ్యూజు బోర్డులుండే ప్యానెల్ గదికి వెళ్ళి రెండో అంతస్తు వరండా లైను ఫ్యూజు పీకి ప్యాంటు జేబులో వేసుకున్నాను. ఆ గదికి తలుపుంది, తాళం లేదు. హస్ముఖ్‌భాయ్‌కి ఎదురుగా చూపించి మరీ చెప్పాను, నేను దిగి వచ్చేదాకా ఈ బోర్డు ముట్టుకోవద్దని. తల ఊపాడు. ఎలుకల భయానికి ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకుని, నెత్తికి టార్చి కట్టుకుని పైకి వెళ్ళాను.

నేను పనిచేసే వైపు నేను తప్ప మనిషి లేడు. రెండు పక్కలా షట్టర్లు దించి ఉన్నాయి. వరండా చివర మెట్ల దగ్గర ఒకే ఒక దుకాణం తెరిచి ఉందని కింద చెప్పారు. దాని యజమాని సేఠ్ వేరే ఊళ్ళ దుకాణాలవాళ్ళకు వీడియోలో చీరలు చూపించి అమ్ముతున్నాడు. దుకాణాలు మూసుకున్నాక అదొక్కటే దారి అప్పుడు. వెలుతురు సరిపోక రాణీ రంగు చీర ఫోనులో మెరూన్‌లా కనిపిస్తోందని పొద్దుటి నుంచి మేనేజర్ ప్రాణం తీస్తున్నాడు.

నేను అల్యూమినియం నిచ్చెన మీద ఉన్నాను. కొరికిన చోట వైరు కోసేసి, పైతొడుగు ఒలిచి, రాగి తీగలు రెండు చేతుల్లో పట్టుకుని మెలి తిప్పబోతున్నాను. మాస్కు వల్ల కళ్ళద్దాలకు ఆవిరి పట్టింది.

ఎవరో నా ప్యాంటు లాగారు. రెండుసార్లు.

బావ అనుకున్నాను. ఇంట్లో జ్వరంతో ఉన్నాడన్న సంగతి ఆ క్షణం గుర్తు రాలేదు. అంత అలవాటు ఆ లాగడం. ‘ఆగు బావా, ఇగ అయిపాయె’ అన్నాను కూడా. అప్పుడు మూడోసారి లాగారు, గట్టిగా, నిచ్చెన కదిలేంతగా. నాకు కోపం వచ్చింది. వైరు వదిలేసి రెండు మెట్లు దిగి, తిట్టడానికి తల వంచాను.

కింద ఎవరూ లేరు.

అంతలోనే వరండా అంతా భళ్ళున వెలిగింది. నేను వదిలేసిన తీగలు సీలింగు ఇనుప పట్టీకి తగిలి పెద్ద చప్పుడుతో నిప్పు రాలింది. నా చేతులు అంతకుముందు ఉన్న చోట పట్టీ నల్లగా మాడింది. మళ్ళీ అంతా చీకటి.

ఎలా దిగానో తెలియదు. నేలమీద కూర్చుండిపోయాను. నెత్తి మీది టార్చి వెలుగులో చూసుకుంటే ఎడమ కాలి ప్యాంటు అంచు సాక్సులోనే ఉంది. కుడి కాలిది బయటికి వచ్చి, ముడతలు పడి వేలాడుతోంది. జేబు తడుముకున్నాను. ఫ్యూజు జేబులోనే ఉంది.

ప్యానెల్ గదికి పరుగెత్తాను. హస్ముఖ్‌భాయ్ బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. మూతపడ్డ క్యాంటీన్ లైను ఫ్యూజు పీకి నా లైనుకు పెట్టాడు. నా జేబులోది తీసి ఆయన ముఖం ముందు పట్టాను. ‘పని అయిపోయిందనుకున్నాను భాయ్, సేఠ్ ఒకటే అరుస్తున్నాడు’ అని నీళ్ళు నమిలాడు. ఒకసారి పైకి కేకేసి అడిగితే ఏం పోయేది? మెట్లెక్కి వచ్చి చూస్తే కాళ్ళరిగిపోతాయా? మనిషి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆయన తప్పు ఒప్పుకునేవాడే.

చప్పుడుకు చీరల సేఠ్ కిందికి వచ్చాడు. ఎలా బతికావని అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను, ఎవరో కాలు లాగారని.

హస్ముఖ్‌భాయ్ ముఖం నా కళ్ళముందే తేటపడింది. రెండు చేతులూ జోడించి ‘చూశారా, ఈ మార్కెట్‌ను దేవుడు కాపాడుతున్నాడు’ అన్నాడు. సేఠ్ కళ్ళు మూసుకుని దండం పెట్టాడు. ఫ్యూజు నా చేతిలో అలాగే ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు.

దేవుడి మీద నాకు కోపం లేదు. మా ఇంట్లోనూ పూజలున్నాయి. కానీ ఒక మనిషి నన్ను చంపబోయి, ఆ పాపాన్ని దేవుడి మహిమ కింద దాచేస్తే నేను దండం పెట్టాలా?

మార్కెట్ కమిటీని అడిగాను. ప్యానెల్ గదికి తాళం వేయండి, నిచ్చెన ఎక్కేవాడి దగ్గర తాళంచెవి ఉండాలి, కింద ఒక మనిషి ఉండాలి. ఇంకెవరికీ ఇలా కాకూడదు. చూద్దాం అన్నారు. చూడలేదు. దానికి బదులు మార్కెట్ పూర్తిగా తెరిచిన రోజున పెద్ద పూజ పెట్టారు. హస్ముఖ్‌భాయ్‌కి శాలువా కప్పారు, ఆయన చొరవ వల్లే పూజ జరిగిందట. నన్ను పిలిచి మైకు చేతికిచ్చి మహిమ చెప్పమన్నారు.

చెప్పాను. ‘నా కాలు లాగిందెవరో నాకు తెలియదు. క్యాంటీన్ ఫ్యూజు పీకి నా లైనుకు పెట్టింది మాత్రం ఈ శాలువా కప్పుకున్నాయన’ అన్నాను. ఎవరో మైకు లాక్కున్నారు. శుభమా అని పూజ జరుగుతుంటే ఇదేం మాట అన్నారు. ఆ వారం నుంచి ఆ మార్కెట్ నుంచి నాకు ఫోను రాలేదు. కెమెరాలు చూడండి అని నేనన్నా లాభం లేకపోయింది. అవీ ఆ లైను మీదే ఉన్నాయి, కరెంటు లేనప్పుడు అవి ఏం చూస్తాయి?

బావకు తగ్గాక జరిగిందంతా చెప్పాను. అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ‘మీ బావ పానం ఎప్పుడు నీ మీదనే ఉంటది తమ్మీ. పండుకున్న కాడికెల్లి ఆయననే అచ్చిండు’ అంది. నాకూ లోపల ఎక్కడో అలాగే అనిపించింది. అది నమ్మితే మనసుకు హాయిగా ఉండేది.

బావ మాత్రం అడిగాడు, ‘ఏ కాలు గుంజిండ్రు?’

‘కుడి కాలు.’

‘అయితే నేను కాదు పో. నేనెప్పుడన్న కుడి దిక్కు నిలవడ్డనా? ఇన్నేండ్ల సంది ఎడమ కాలే గుంజుత. ఉత్తగ నా మీద పెట్టకుండ్రి’ అన్నాడు. మళ్ళీ తనే, ‘నేనే అచ్చి ఉంటే నీ కాలు ఎందుకు గుంజుత, పోయి వాని చెంప పలగ్గొడుత’ అన్నాడు.

ఆయన చెప్పింది నిజమే. బావ ఎప్పుడూ నాకు ఎడమ పక్కనే నిలబడతాడు. మరి కుడి పక్క ఎవరున్నారు?

నాకు తోచినవన్నీ ఆలోచించాను. ప్యాంటు మేకుకు తగిలిందా అంటే ఆ నిచ్చెనకు మేకులే లేవు. కండరం పట్టేస్తే సాక్సులోంచి అంచు బయటికి రాదు. ఎలుక లాగితే నిచ్చెన కదలదు. మనిషి అయితే వెలుగు వచ్చేలోపు ఎక్కడికి పోతాడు? షట్టర్లకు బయట తాళాలున్నాయి. ఆ తర్వాత ఎన్ని నిచ్చెనలెక్కానో, ఎన్ని చీకటి వరండాల్లో ఒంటరిగా పనిచేశానో లెక్క లేదు. మళ్ళీ ఎవరూ లాగలేదు. దెయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. ఆ మూడు లాగుళ్ళకు మాత్రం నా దగ్గర జవాబు లేదు, ఇక దొరుకుతుందన్న ఆశా లేదు.

రెండో వేవ్ కూడా తగ్గాక ఒకరోజు రాజమల్లు అనే ఆయన ఫోను చేశాడు. ఆ మార్కెట్‌లో నా పనికి కుదిరిన మనిషి. ఇద్దరు చిన్నపిల్లల తండ్రి. రెండో అంతస్తు లైట్లన్నీ మార్చాలి, ఏ వైరు ఎటు పోతుందో చెప్పమన్నాడు. చెప్పాను. తర్వాత ప్యానెల్ గదికి తాళం వేశారా అని అడిగాను.

‘లేదన్నా. గీడ దేవుడే కాపాడుతడంట, తాళం ఎందుకని మేనేజర్ సాబ్ అంటుండు. మనిషిని గూడ ఇస్తలేడు. నీ ముచ్చట చెప్పిండు నాకు. నీకేం కాలేదంట గదా?’

నాకేం కాలేదు, అందుకని ఇంకొకరికి కూడా ఏమీ కాదట.

మర్నాడు పొద్దున్నే బావను స్కూటరు మీద ఎక్కించుకుని వెళ్ళాను. బావ ఎవరినీ అడగకుండా ప్యానెల్ గది గుమ్మంలో అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రాజమల్లు నిచ్చెన ఎక్కాడు. నేను కింద నిలబడ్డాను.

కాసేపటికి హస్ముఖ్‌భాయ్ వచ్చాడు. ‘నిన్ను ఎవరు పిలిచారు? ఇక్కడేం పని నీకు?’ అన్నాడు.

‘ఆ రోజు వచ్చినవాడు ఈ రోజు కూడా వస్తాడని నాకెవరూ మాట ఇవ్వలేదు సాబ్. అందుకే నేనొచ్చాను’ అన్నాను. రాజమల్లు దిగేదాకా అక్కడినుంచి కదల్లేదు.