నిద్ర ఎరుగని ప్లమ్ చెట్టు

బెంగుళూరు శివారు కాడుగోడిలో ఇల్లు కట్టుకున్న తొంభైల తొలినాళ్ళలో మేము పెరట్లో రెండు ప్లమ్ మొక్కలు నాటాము. ఒకటి బెంగుళూరు నర్సరీలో కొన్నది, ఈ వాతావరణానికి అలవాటుపడిన రకం. రెండవది నా భార్య కూనూరు నుండి తెచ్చుకున్నది. నర్సు శిక్షణ పొందిన రోజుల్లో ఆమె ఆ కొండ ఊరి ఆసుపత్రి వెనుక తోటలో నల్లని, పుల్లని ప్లమ్ పండ్లు తినేదట. ఆ రుచి తన పెరట్లో ఒక్కసారైనా పండాలన్నది ఆమె పట్టుదల.

నేను బడిపంతులును. మొక్కలకైనా వరుస, వేళ ఉండాలని నమ్మేవాణ్ణి. రెండింటినీ గోడకు సమానమైన దూరంలో నాటించి, ఉదయం ప్రార్థన ముగియగానే నీళ్ళు పోసేవాణ్ణి. నర్సరీ చెట్టు త్వరలోనే కాపుకు వచ్చింది. పండ్లు విరివిగా కాసేవి. రుచి మాత్రం చప్పన. కొండ చెట్టు ఏపుగా పెరిగి ఏడాది పొడుగునా పచ్చగా నిలిచేది. చలి గట్టిగా పట్టిన ఏడాది నాలుగు పూలు పూసి రాల్చేసేది. తరువాత పక్కనున్న హూడి వైపు తోపులు పోయి భవనాలు లేచాయి. డిసెంబరులో స్వెట్టర్లు పెట్టెలోనే ఉండిపోసాగాయి. కొండ చెట్టు ఆ నాలుగు పూలు కూడా పూయడం మానేసింది.

రెండువేల సంవత్సరం దాటాక నీటి కొరత మొదలైంది. ట్యాంకరు నీళ్ళు నిలువ చేయడానికి సంపు తవ్వించవలసి వచ్చింది. అనువైన చోటు కొండ చెట్టు ఉన్నచోటే. కాయని చెట్టును కొట్టించడమే న్యాయమని తేల్చాను. ఆమె డ్యూటీ నుండి వచ్చి, కాఫీ గ్లాసుతో చెట్టు కింద నిలబడి అన్నది:

"ఏమండీ, దీనికి నిద్ర లేదు. కొండ మీదైతే చలికి ఆకులు రాల్చి పడుకుంటుంది, లేచాకే పూస్తుంది. నిద్ర లేని ఒళ్ళు దేనికీ పనికిరాదని నాకు తెలుసు. ఈ ఒక్క చలికాలం దీన్ని పడుకోనివ్వండి."

వేసవి దాకా గడువు ఇచ్చాను. ఆమె నీళ్ళు ఆపించింది. ఆకులు వాటంతట అవి రాలకపోతే నిచ్చెన వేసుకొని తానే దూసివేసింది. పక్కింటి పెద్దామె గోడ మీదుగా తొంగిచూసి నన్ను అడిగింది:

"ఏమప్పా, మీరు చర్చికి పోయేవాళ్ళు గదా. చెట్టుకు గుండు కొట్టిస్తా ఉండారే, తిరపతి మొక్కేమన్నా ఉండాదా?"

నా భార్య నవ్వు ఆపుకోలేక నిచ్చెన మెట్టు మీదే కూర్చుండిపోయింది. నాకు నవ్వు రాలేదు. ఆకులన్నీ అప్పుడే ఊడ్చిన నేల మీద పడుతున్నాయి.

జనవరి చివర బోడి కొమ్మల నిండా తెల్లని పూలు. అదే వారంలో నర్సరీ చెట్టు కూడా పూయడంతో తేనెటీగలు రెండింటి మధ్యా తిరిగాయి. చాలా పూలు ఎండకు రాలిపోగా, మిగిలినవి వేసవికి ఒక గిన్నెడు పండ్లయ్యాయి. చిన్నవి; రంగు నలుపు కాదు, ముదురెరుపు.

ఆమె ఒకటి కొరికింది. నేను తీర్పు కోసం నిలబడ్డాను.

"ఇది మా కొండ పండు కాదండీ. తీపి ఎక్కింది." ఇంకాస్త చప్పరించి, "పులుపంతా గింజ దగ్గరికి పోయి దాక్కుంది," అంటూ మరొకటి తీసుకుంది. గిన్నెలో నాకు మిగిలినవి రెండే.

సంపును వీధి గుమ్మం ముందు తవ్వించాము. మెట్లకు సరిగ్గా నడుమ రావాలని దారం పట్టి గీయించినా, లోపల బండ తగిలి అది ఒక పక్కకు జరిగింది. చెట్టు ఆ తరువాత ప్రతి ఏటా కాయలేదు. చలి పడని ఏడు ఏమీ ఇచ్చేది కాదు. అయినా డిసెంబరు రాగానే ఆమె ఆకులు దూయడం మొదలుపెట్టేది. కింది కొమ్మలు నా వంతు.