నాలుగు నిమ్మకాయలు

విదేశంలో బాతెల్ అనే ఊళ్ళో ఉండే మా ఆదిశేషు ఇంజనీరు. టోస్టర్ కొనాలన్నా గ్రాఫ్ గీస్తాడు. 1986 వేసవిలో అడవి దారుల్లో తిరగడానికి, మోటార్‌సైకిల్‌లా ఎక్కి కూర్చుని నడిపే లావు చక్రాల పాత బండి కొందామని ఒక రైతు కొట్టంలో రెండింటిని చూసి వచ్చాడు. ఒకటి మూడు చక్రాలది, తేలిక. రెండోది నాలుగు చక్రాలది, బరువు. రెండు వారాలు లెక్కలు వేసినా ఏది కొనాలో తేలలేదు. గ్రాఫ్ కాగితం పట్టుకుని మళ్ళీ చూడ్డానికి వెళ్తూ భార్య కామేశ్వరినీ, నన్నూ వెంటబెట్టుకెళ్ళాడు.

మూడు చక్రాలదాన్ని మలుపులో తిప్పగానే అది పక్కకి ఒరిగి, అతన్ని గడ్డిలో కూర్చోబెట్టింది. లేచి దులుపుకుంటూ, "స్పీడ్ ఎక్కువైంది. ఇంకోసారి టెస్ట్ చేయాలి," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

కామేశ్వరి హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, కొత్త బండికి పెట్టినట్టే రెండో బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. సరిగ్గా నాలుగు.

"ఇవెప్పుడు తెచ్చావు?" అన్నాడు ఆదిశేషు.

"ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే. మీ గ్రాఫ్ పూర్తయ్యేదాకా ఆగితే ఎండిపోతాయండీ!"

ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని బండెక్కింది. నాలుగు కాయలూ ఒక్కసారే చితికాయి. రైతు చప్పట్లు కొట్టాడు. గ్రాఫ్ కాగితం గాలికి వదిలేసి ఆదిశేషు, "నాకూ ఒక రౌండ్ ఇవ్వవే!" అంటూ వెనకాల పరుగెత్తాడు.