పద్నాలుగో పేరాకు నా జవాబు

షోకాజ్ నోటీసు ఇంటికి కాదు, కాలేజీకి వచ్చింది. చిత్తూరులో ఒక జూనియర్ కాలేజీలో నేను జువాలజీ చెబుతాను. స్టాఫ్ రూములో అందరూ చూస్తుండగానే సంతకం పెట్టి కవరు తీసుకున్నాను. పంపింది షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ. నేను ఒక మామిడితోటల కంపెనీకి డైరెక్టర్‌నట. అనుమతి లేకుండా జనం దగ్గర పెట్టుబడులు వసూలు చేశామట. నా మీద చర్య ఎందుకు తీసుకోకూడదో ఇరవై ఒక్క రోజుల్లో రాసి పంపాలట.

డైరెక్టర్‌నన్న మాట నిజమే. కొన్నేళ్ల కిందట మా పెద్దమ్మ కొడుకు పూతలపట్టు దగ్గర ఆ కంపెనీ పెడుతూ మా ఇంటికి వచ్చాడు. "ఇద్దరు డైరెక్టర్లు ఉండాలంట పాపా. నువ్వు పేరుకేలే. సంతకం పెడితే సాలు, మిగతాదంతా నేను సూసుకుంటా" అన్నాడు. పొయ్యి మీద పులుసు మరుగుతోంది. చెయ్యి తుడుచుకుని, చూపించిన చోటల్లా పెట్టాను. ఏడు నెలల తర్వాత ఎందుకో భయం వేసి రాజీనామా రాసి ఆయన చేతికే ఇచ్చాను. నకలు ఉంచుకోలేదు. ఆయన దాన్ని ఎక్కడికీ పంపలేదని నోటీసు చూస్తేనే తెలిసింది.

ఫోన్ చేశాను. "నాకూ వచ్చినాది పాపా. ఏం కాదులే, అందరికీ పంపుతారు" అన్నాడు. మర్నాటి నుంచి ఫోన్ ఎత్తడం మానేశాడు.

నోటీసుతో పాటు ఒక సీడీ పంపారు. సీడీ పెట్టే కంప్యూటరు కోసం ఊరంతా తిరిగితే, చివరికి ఒక పాత ఫోటో స్టూడియోలో దొరికింది. పెడితే పాస్‌వర్డ్ అడిగింది. దానికి వాళ్లకు మెయిల్ రాసి, జవాబు కోసం కూర్చున్నాను. నాకిచ్చిన ఇరవై ఒక్క రోజుల్లో వారం రోజులు ఆ సీడీకే పోయాయి.

తిరుపతిలో ఒక లాయరును పట్టుకున్నాను. ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు, నోటీసులో కంపెనీ, అన్న తర్వాత నాది మూడో పేరు కాబట్టి మూడో నోటీసుదారు అన్నాడు. "మీకేమీ తెలీదని రాసేద్దాం మేడమ్. పేరా పేరాకూ ఖండిస్తున్నాం అంటే సరిపోతుంది." నాకూ బాగానే అనిపించింది.

సీడీలోని కాగితాలు ప్రింటు తీయించి చదివేదాకా అలాగే అనిపించింది. అందులో కంపెనీ కరపత్రం ఉంది. దాని మీద నా ఫోటో, కింద 'ప్రముఖ విద్యావేత్త' అని. మా కాలేజీ పత్రికలోంచి కత్తిరించిన ఫోటో. ఆ ఫోటో చూపించి జనాన్ని నమ్మించారన్నదే నోటీసు పద్నాలుగో పేరాలోని ఆరోపణ. వెనక మదుపుదారుల జాబితాలో మా ల్యాబ్ అటెండర్ పేరు ఉంది. పదహారేళ్లు నా పక్కనే పరీక్షనాళికలు కడిగి, రిటైరై ఐరాలలో ఉంటున్న మనిషి.

ఆదివారం బస్సెక్కి వెళ్లాను. కుర్చీ దులిపి వేశాడు.

"అది నా కంపెనీ అని నీకెవరు చెప్పినారప్పా?"

"ఎవురు సెప్పాల మేడమ్? కాగితం మీద మీ ఫోటో ఉండాది కదా. మేడమే ఉంటే ఇంగ యోచన ఏంటికని కట్టేసినా."

"నన్నొక మాట అడగకూడదా?"

"అడగాలనే అనుకున్నా. మిమ్మల్ని అనుమానించినట్టు ఉంటాదని ఊరకుండిపోయినా."

తిరుగు బస్సులో నాకు అందరి మీదా కోపం వచ్చింది. అన్న మీద, లాయరు మీద, అడగకుండా ఊరకుండిపోయిన ఈయన మీద కూడా. ఎటు తిప్పినా అది చివరికి నా మీదికే వచ్చేది.

పద్నాలుగో పేరాను ఖండించనని లాయరుతో చెప్పాను.

"ఒప్పుకున్నట్టు అవుతుంది మేడమ్!"

"నన్నడక్కుండా నా ఫోటో వేశారు, అది రాయండి. ఆ కంపెనీ ఏం చేస్తుందో కనుక్కోకుండా సంతకం పెట్టింది నేనే, అదీ రాయండి."

మూడుసార్లు రాశాడు. మూడుసార్లూ నా రెండో వాక్యం మాయమైంది. విసుగెత్తి ఆ పేరా నేనే రాసి ఇచ్చాను.

విచారణ వీడియోలో అన్నారు. మొదటిసారి సెలవు పెట్టి లాయరు ఆఫీసులో సాయంత్రం దాకా కూర్చుంటే మా వంతే రాలేదు. రెండోసారికి అధికారి బదిలీ అయ్యాడు. మూడోసారి ఏడు నిమిషాలు మాట్లాడనిచ్చారు. కొత్త అధికారి ఇంగ్లీషులో అడిగాడు, మీ విద్యార్థుల రికార్డుల మీద కూడా చదవకుండానే సంతకం పెడతారా అని.

"ఒక్కోసారి పెడతాను సార్" అన్నాను. బల్ల కింద లాయరు నా కాలు తొక్కాడు.

ఐదు నెలలకు ఉత్తర్వు వచ్చింది. డబ్బు తిరిగి ఇవ్వాల్సింది కంపెనీ, మా అన్న. రోజువారీ వ్యవహారాల్లో నా చెయ్యి లేదని నన్ను దాన్నుంచి తప్పించారు. శిక్షగా ఒక ఏడాది పాటు నేను షేర్లు కొనకూడదు, అమ్మకూడదు. పుట్టి బుద్ధెరిగాక నేను ఒక్క షేరైనా కొన్నదాన్ని కాదు. "గెలిచినట్టే మేడమ్, స్వీట్లు తెప్పించండి" అన్నాడు లాయరు. నా చేతులకు ఫైలు అడ్డం ఉంది కాబట్టి ఊరుకున్నాను గానీ...

ఉత్తర్వు తీసుకుని మళ్లీ ఐరాల వెళ్లి, ఆయన పేరున్న పేజీ తెలుగులో చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నాడు.

"అయితే ఎప్పుడిస్తారంట మేడమ్?"

"మూడు నెలల్లో ఇమ్మని రాసినారు."

"మీ అన్న యాడుండాడు?"

తెలియదన్నాను. ఆయన ఆ పేజీని జాగ్రత్తగా మడిచి నాకే ఇచ్చేశాడు. "మీ దగ్గరే పెట్టుకోండి మేడమ్. నా దగ్గరైతే ఎలకలు కొడతాయి."