గళ్ళరొట్టెలో నా పానకం

నాలుగేళ్ళ నుంచి నా గొంతులో ఒక ముద్ద ఉంది. మింగుదామంటే దిగదు, ఉమ్ముదామంటే రాదు. అన్నం తింటున్నా ఉంటుంది, ప్రార్థన చేస్తున్నా ఉంటుంది. ఆదివారం పొద్దున్న అయితే ఇంకాస్త పెద్దదవుతుంది. దాన్ని మీ ముందు పెడదామని కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

నాకు చదువు లేదు. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతే. నేను చెబుతుంటే మా చర్చిలో పిల్లలకి పాఠాలు చెప్పే టీచరమ్మ ఈ పత్రికకి రాస్తోంది. నా పేరు వెయ్యొద్దన్నాను. ఊరి పేరు కూడా వద్దు, రాజోలు దగ్గర అని రాస్తే చాలన్నాను.

మా ఆయన దింపు తీసేవారు. అంటే కొబ్బరిచెట్టెక్కి కాయలు దింపే పని. పరాయివాళ్ళ తోటల్లో ముప్పై ఏళ్ళు ఎక్కి దిగి, చివరికి అరెకరం తోట సొంతానికి కొన్నారు. కొబ్బరి నీడలో కోకో మొక్కలు వేశారు. చాక్లెట్ చేస్తారే, ఆ గింజ. కాయ పగలగొట్టి, గింజలు తీసి, అరిటాకులు కప్పి ఆరు రోజులు మగ్గబెట్టి, ఎండలో ఆరబోస్తే కంపెనీ మనిషి వచ్చి బస్తాలు పట్టుకుపోయేవాడు. పదిహేనేళ్ళు అలాగే పట్టుకుపోయాడు. మేమెవరం ఒక్క గింజ వండుకున్నది లేదు. అది తినే వస్తువని తెలుసు. మేం తినే వస్తువని తెలియదు.

ఆయనకి నేను చేసిపెట్టే వాటిలో నాకు గర్వంగా ఉండేది ఒక్కటే. ఆదివారం పొద్దున్న చర్చికి వెళ్ళేముందు మినపరొట్టె. మందంగా, అడుగు ఎర్రగా కాల్చి, పైన నా చేత్తో కాచిన తాటిబెల్లం పానకం పోసేదాన్ని. అందులో చిటికెడు శొంఠి వేస్తాను. మా అమ్మ అలా వేసేది, ఈ చుట్టుపక్కల ఇంకెవరూ వెయ్యరు. ఆయన వేళ్ళు నాకి, "ఇంక అయ్యగారు ప్రసంగం రెండు గంటలు చెప్పినా పర్లేదే," అనేవారు. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ ఒక్క మాట కోసమే ఆదివారాలు లేచాను.

తర్వాత ఆయనకి షుగరు వచ్చింది. అమలాపురంలో డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. పంచదార వద్దు, బెల్లం వద్దు, పానకం అసలే వద్దు. ఆ కాగితాన్ని శ్రద్ధగా చదివింది మా కోడలు. మండపేట పిల్ల. డిగ్రీ చదువుకుంది. మా అబ్బాయి పొద్దున్నే ఉద్యోగానికి వెళ్ళిపోతాడు కాబట్టి మామగారి మందులు, వేలు పొడిచి షుగరు చూడటం, పుస్తకంలో రాయడం అన్నీ ఆ పిల్లే చూసుకునేది.

మా మనవరాలు అమలాపురంలో ఏదో షాపులో చాక్లెట్ వాఫిల్ తిని వచ్చి, రోజూ అదే కావాలని గోల చేసింది. కోడలు ఒప్పుకోలేదు. అదంతా మైదా, పంచదార, నేనే మంచిది చేసిపెడతానంది. మా అబ్బాయి మిషను తెప్పించాడు. రెండు ఇనప పలకల మధ్య పిండి పోసి మూత వేస్తే, కాలాక టిక్కుమని పచ్చదీపం వెలుగుతుంది. లోపల రొట్టె గళ్ళుగళ్ళుగా వస్తుంది. మైదా బదులు రాగిపిండి, ఓట్స్ పొడి, గుడ్డు, కొబ్బరిపాలు. తీపికి మగ్గిన అరటిపండు. మామగారికి అది కూడా లేకుండా వేరే గిన్నెలో కలిపేది. నీలం మూత గిన్నె. చాక్లెట్ పొడి కొట్లో కొనలేదు. మా తోట కోకో గింజలే, నా పెనం మీద వేయించి, పొట్టు చెరిగి, మిక్సీలో వేసింది. ఇల్లంతా ఒక వాసన. ఆ వాసన మా తోటలో ఉందని మాకెవరికీ తెలియదు.

ఆ మొదటి ఆదివారం ఆయన ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. చేదుగా ఉందేమో ఉమ్మేస్తారనుకున్నాను. చూస్తే కళ్ళనిండా నీళ్ళు.

"ఇన్నేళ్ళు మోసేను గానీ, నా పంట రుచేంటో ఈవేళ తెలిసిందమ్మా," అన్నారు కోడలితో. "ఏమంటారు దీన్ని? నా నోరు తిరగదు. గళ్ళరొట్టె అందాం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పొయ్యి మీద నా మినప్పిండి అలాగే ఉంది. ఎవరూ అడగలేదు.

అంతే జరిగింది. ఎవరూ నన్నొక మాట అనలేదు. మరి నాకెందుకంత మంట పుట్టింది? ఆయన ఆరోగ్యం కోసం ఒక పిల్ల తెల్లవారుజామున లేచి కష్టపడుతుంటే సంతోషించాల్సిన దాన్ని, నా ముప్పై ఎనిమిదేళ్ళని ఒక్క ముక్కతో తుడిచేసిందని ఎందుకు అనుకున్నాను? ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. పానకం సీసా అలమరలో నిండుగా ఉండిపోయింది. దాన్ని చూసినప్పుడల్లా నన్ను చూసుకున్నట్టే ఉండేది.

మూడో ఆదివారం కోడలు పిండి కలిపిపెట్టి స్నానానికి వెళ్ళింది. నేను నీలం మూత తీశాను. నా పానకం ఒక గరిటెడు పోసి కలిపి మళ్ళీ మూత పెట్టాను. కోకో నలుపులో పానకం నలుపు కలిసిపోయింది. కోడలు రుచి చూసేది పెద్ద గిన్నెలోదే. ఆయన గిన్నెలోది ఎవరూ రుచి చూడరు.

ఆయన తిన్నారు. ఒకటి తిని ఇంకోటి అడిగారు. "ఈవేళ మహా బాగుందమ్మా," అన్నారు. అన్నది కోడలితోనే. అయినా ఆ మాట నాదేనని నాకు తెలుసు కదా. ఆ పూట చర్చిలో నా అంత గట్టిగా పాడినవాళ్ళు లేరు.

తాటిబెల్లం షుగరువాళ్ళని ఏమీ చెయ్యదని మావైపు ఆడవాళ్ళందరూ అంటారు. నేనూ అదే నమ్మాను. ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చింది అదే. కానీ నమ్మినదాన్నైతే చాటుగా ఎందుకు పోశాను? కోడలి ఎదుట పొయ్యొచ్చు కదా. నీళ్ళ చప్పుడు ఆగిందా లేదా అని చెవులు రిక్కించుకుని ఎందుకు నిలబడ్డాను?

ఆయనకి నచ్చిందని కోడలు రోజూ అదే చెయ్యడం మొదలుపెట్టింది. నేనూ రోజూ పోశాను. పుస్తకంలో అంకెలు పెరిగాయి. డాక్టరు మాత్రలు పెంచాడు. ఆ పిల్ల బెంబేలెత్తిపోయింది. ఓట్స్ పడటం లేదేమోనని ఓట్స్ తీసేసింది. తర్వాత కొబ్బరిపాలు తీసేసింది. ఆ పిల్ల ఒక్కొక్కటీ తీసేస్తోంది. నేను పోస్తున్నాను.

ఒక వారం భయమేసి ఆపేశాను. అంకె తగ్గింది. ఆ వారమే ఆ పిల్ల గుడ్డు మానేసింది. పుస్తకం పట్టుకుని చిన్నపిల్లలా వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. "అత్తయ్యగారూ, గుడ్డేనండీ! గుడ్డు మానేసేను, తగ్గిపోయిందండీ!" అని నా రెండు చేతులూ పట్టుకుని ఊపింది.

మర్నాడు మళ్ళీ పోశాను.

ఇక్కడ టీచరమ్మ పెన్ను ఆపి నా మొహం చూసింది. రాయమన్నాను. మొదటిసారి పోసినదానికి ఏదో పేరు పెట్టుకోవచ్చు. ప్రేమ అనో, పంతం అనో. ఆ మర్నాడు పోసినదానికి నా దగ్గర పేరు లేదు. ఆ పిల్ల గెలవడం చూడలేకపోయాను. అంతే.

తర్వాత తోటలో కొబ్బరిమట్ట గీసుకుని ఆయన కాలికి దెబ్బ తగిలింది. చిన్నదే. మానలేదు. నల్లబడింది. అప్పుడు ఆపాను. అప్పుడు ఆపి ఏం లాభం? కాకినాడలో ఆసుపత్రిలో పెట్టారు. వేలు తీశారు, తర్వాత పాదం తీస్తామన్నారు. పుండు వల్ల పోయారా, నా పానకం వల్ల పోయారా అన్నది డాక్టర్లు చెప్పలేదు. నేను అడగలేదు. అడిగితే చెప్పేస్తారని భయం.

పోవడానికి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం పూట, కోడలు మందుల కోసం కిందకి వెళ్ళింది. ఆయన కళ్ళు తెరిచి నన్ను దగ్గరికి రమ్మన్నారు.

"శొంఠేసేవు కదే," అన్నారు.

"ఏంటండీ?" అన్నాను.

"నీ పానకం నాకు తెలీదనుకున్నావా? మొదటి రోజే తెలిసింది."

"తెలిస్తే ఎందుకు తిన్నారండీ?"

"నువ్వెట్టేవు కదా, తిన్నాను." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "నాకు మటుకు బానే ఉందే. ఆ పిల్లే పిచ్చిదైపోతంది. తన వంట వల్లే ఇలాగైందని మెట్ల మీద కూకుని ఏడుత్తందంట, అబ్బాయి చెప్పేడు. దానికి చెప్పెయ్యి. నువ్వే చెప్పాల. నేను చెబితే అది నమ్మదు."

"ఆయ్," అన్నాను.

"చెబుతావా?"

"ఆయ్. చెబుతానండీ."

ఆయన నా చెయ్యి మీద చెయ్యి వేశారు. నిద్రపోయారు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

ఆయన్ని ఇంటికి తెచ్చిన రోజు మా ఆడపడుచు, ఆయన చెల్లెలు, అందరి ముందూ కోడలి మీద విరుచుకుపడింది. "షుగరోడికి చాకిలెట్టు రొట్టెలా? ఈ వైద్యం ఎక్కడ నేర్చేవమ్మా, ఫోనులోనా? మా అన్నని కొలతలేసి మరీ చంపేవు కదే!" అంది. వరండా అంతా మనుషులు. కోడలు తలెత్తలేదు. ఒక్కసారి మాత్రం నా వైపు చూసింది. నేనొక మాట అంటానని చూసింది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాను. నా మాట అడ్డం పెట్టుకోవడానికే ఆ కొంగు. అది ఏడుపని అందరూ అనుకున్నారు.

ఆ తర్వాత ఎన్ని రోజులు లేవు చెప్పడానికి? ఆయన పెట్టె మూసి సమాధి చేసిన మర్నాడు చెప్పొచ్చు. ఆయన పోయిన ఏడాదికి ఇంట్లో పెట్టిన ప్రార్థన కూడికకి చెప్పొచ్చు. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడి, మోకాళ్ళ నొప్పి తగ్గిందని దేవుడికి వందనాలు చెప్పి కూర్చున్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు.

కోడలు మళ్ళీ ఆ మిషను ముట్టుకోలేదు. పాత చీరలో చుట్టి అటక మీద పెట్టేసింది. ఇంట్లో తీపి ఏదీ చెయ్యదు. ఎవరైనా నీ చేతి వంట బాగుందంటే బెదిరిపోతుంది. ఇప్పుడు నాకూ షుగరు వచ్చింది. రోజూ పొద్దున్న నా వేలు పొడిచి పుస్తకంలో రాస్తుంది. అదే పుస్తకం. ఆయన అంకెల వెనక పేజీల్లో నా అంకెలు. పొడిచేముందు నొప్పి పుట్టకుండా వేలి మీద ఊదుతుంది. ఆ ఊపిరి తగిలినప్పుడల్లా నా చెయ్యి లాక్కోవాలనిపిస్తుంది. ఆదివారం తెల్లవారగట్ల అయితే టిక్కుమని వినిపిస్తుంది. మిషను అటక మీదే ఉంటుంది. అయినా వినిపిస్తుంది. లేచి వంటింట్లోకి వెళ్ళి చూస్తాను. ఎవరూ ఉండరు. శొంఠి వాసన వస్తున్నట్టే ఉంటుంది. ఆయన పోయాక మా ఇంట్లో శొంఠి కొమ్ము లేదు.

పోయిన ఆదివారం మనవరాలు స్టూలేసుకుని ఆ మిషను దింపింది. "అమ్మా, తాతయ్య గళ్ళరొట్టె చెయ్యవా?" అంది. కోడలు దాన్ని పిల్ల చేతుల్లోంచి మెల్లగా తీసుకుంది. కోప్పడలేదు. "వద్దు బంగారం. అమ్మ చెయ్యి మంచిది కాదు," అంది.

అమ్మ చెయ్యి మంచిది కాదు. పదేళ్ళ పిల్లకి ఆ మాట నేర్పింది ఎవరు? నేను. నా చెయ్యి కడుక్కుని ఆ మసి కోడలి చేతికి పూశాను. ఇంక ఆ పిల్ల తన కూతురికి చూపించి మరీ చెబుతోంది. ఆ సాయంత్రమే టీచరమ్మ గుమ్మం తొక్కాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరెలా క్షమిస్తారు? మీకేం చేశాను? ఆయన్ని అడుగుదామంటే, ఆయన నేను పెట్టింది తినేసి, చేయాల్సింది చెప్పేసి వెళ్ళిపోయారు. దేవుడిని అడిగాను. ముందు ఆ పిల్ల దగ్గరికి వెళ్ళు అన్నట్టే ఉంది ప్రతిసారీ.

ఎదురుగా చెప్పొచ్చు కదా అంటారు. నాలుగేళ్ళ నుంచి ప్రయత్నిస్తున్నాను. ఆ పిల్ల నా వేలి మీద ఊదగానే నోరు మూసుకుపోతోంది. అందుకే ఇలా చేశాను. మీరు చదువుతున్న ఈ పత్రిక ప్రతి వారం మా ఇంటికి వస్తుంది. నాకు చదవడం రాదు కదా, భోజనాలయ్యాక కోడలే నా పక్కన కూర్చుని మొదటి పేజీ నుంచి చివరిదాకా పైకి చదివి వినిపిస్తుంది. పైన గళ్ళరొట్టె అన్న మాట చూసి ఉలిక్కిపడినా, ఎవరిదో పాపం అనుకుంటూ ఇదీ మొదలుపెడుతుంది. కోకో దగ్గర కాస్త నెమ్మదిస్తుంది. శొంఠి దగ్గర ఆగిపోతుంది.

నేను ఆ పక్కనే ఉంటాను. లేచి వెళ్ళిపోను. కొంగు నోటికి అడ్డం పెట్టుకోను.

"మీరేనా అత్తయ్యగారూ?" అని అడుగుతుంది.

ఆయ్ అంటాను.