గష్తీ కాగితం

ఆఫీసులో ఏం జరుగుతోందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని అప్పట్లో నాకు మహా గొప్ప. యుద్ధం నడుస్తున్న రోజులు. నాంపల్లిలో ఒక సర్కారు దఫ్తరులో గుమాస్తాను. వరండాలో స్టూలు మీద కూర్చునే ముసలి చప్రాసీని అందరం చాచా అనేవాళ్ళం. ఆయన చెవులెప్పుడూ సాహెబు గది తలుపు మీదే. సాయంత్రం ఆబిడ్స్‌లో ఇరానీ చాయ్ తాగిస్తే చాలు, లోపలి మాటలన్నీ బయటపడేవి.

సర్కారు మాత్రం తన కబుర్లు గష్తీతో చెప్పేది. గష్తీ అంటే బల్ల బల్లకూ తిరిగే కాగితం. చదివి, చూశానని కింద సంతకం పెట్టాలి. అంతా ఉర్దూ. అచ్చులో ఉంటే గడగడా చదివేవాణ్ణి. మా పెద్ద గుమాస్తా గొలుసుకట్టు రాత మాత్రం నాకు కొరకరాని కొయ్య. ఆ మాట ఒప్పుకోవాలంటే సిగ్గు. అందుకని కాగితం మీద కళ్ళు అటూ ఇటూ తిప్పి, రెండుసార్లు తలాడించి, సంతకం గీకి పక్క బల్లకు తోసేవాణ్ణి. అందులో ఏముందో తర్వాత చాచాను అడిగేవాణ్ణి. ఆయనకు ఏ రాతా రాదు!

ఆ వానాకాలం ఒక గష్తీ వచ్చింది. అలవాటుగా తలాడించి సంతకం పెట్టాను. సాయంత్రం చాయ్ దగ్గర చాచా గొంతు తగ్గించాడు.

"మీ గుమాస్తాలల్లకెళ్ళి ఇద్దర్ని ఔరంగాబాద్ పంపుతరంట సాబ్. పేర్లు ఇంకా రాయలే."

అమ్మ పక్షవాతంతో మంచం పట్టి ఉంది. వారం వారం టాంగాలో దవాఖానకు తీసుకెళ్ళాలి. ఇంట్లో ఆమెకు నేను, నాకు ఆమె, అంతే.

మర్నాటి నుంచి దఫ్తరు నాకు పులి గుహ అయింది. ఎవరిని చూసినా తలవంచుకుని ఏదో రాస్తున్నారు. ఒక్కొక్కరే పెద్ద గుమాస్తా దగ్గరికి వెళ్ళి కాగితం ఇచ్చి వస్తున్నారు. నా మీద చాడీలు రాస్తున్నారనే అనుకున్నాను. అడుగుదామంటే నోరు రాదు. సంతకం పెట్టినవాడు అందులో ఏముందని ఎలా అడుగుతాడు? సాహెబు గంట కొడితే నన్ను పిలవడానికే అనుకునేవాణ్ణి.

"దఫ్తర్ల ఏం సంగతి బిడ్డా?" అని అమ్మ రోజూ సాయంత్రం అడిగేది.

"ఏం లేదమ్మా" అనేవాణ్ణి.

ఇరవై రోజులకు ఇక తట్టుకోలేక పెద్ద గుమాస్తా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. అమ్మ సంగతి చెప్పి, నన్ను పంపొద్దని బతిమాలాను. ఆయన నన్ను వింతగా చూశాడు. కట్టలోంచి ఆ గష్తీ తీసి వేలు పెట్టి చూపించాడు.

"ఇంట్ల బీమారోళ్ళు ఉంటే పదిహేను దినాలల్ల అర్జీ పెట్టుకోవాలె, గసొంటోళ్ళను పంపరు అని సాఫ్‌గ రాసిన గద! ఇంట్ల తక్లీఫ్ ఉన్నోళ్ళంత పెట్టుకున్నరు. నువ్వు పెట్టలే. నీ ఇంట్ల అంత మంచిగనే ఉందనుకున్న. నీ పేరు రాసిన, నిన్ననే సాబ్ దస్తఖత్ అయింది. ఇగ నా చేతుల లేదు."

కింద నా సంతకం. ఎంత ముచ్చటగా పెట్టానో!

గౌలిగూడలో ఉండే పిన్ని ఇంట్లో అమ్మను దింపాను. బయల్దేరేటప్పుడు అమ్మ మళ్ళీ అదే మాట అడిగింది. ఆ ఒక్కసారి నిజం చెప్పాను. అమ్మ వంకరపోయిన నోటితో మెల్లగా అంది.

"నాకు సదువు రాదు. రాదనే అందరికి చెప్త. నువ్వు గా ఒక్క మాట చెప్తే ఏమైతుండె బిడ్డా?"

నాలుగు నెలలకు ఔరంగాబాదులో ఉన్న నాకు పిన్ని దగ్గర్నుంచి కార్డు వచ్చింది, అమ్మ పోయిందని. తెలుగులో, గుండ్రటి పెద్ద అక్షరాలు. ఎవరినీ అడగనక్కర్లేకుండా నేనే చదువుకున్నాను.